చాలని పని

నాకు కొన్ని మాటలంటే రోత. బూతులు కాదు. బూతు మాటలో కనీసం అన్నవాడి కోపమైనా నిజంగా ఉంటుంది. నాకు రోత పుట్టించేవి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చంకలో ఫైలు పెట్టుకుని వచ్చే మాటలు. అలాంటి మాటలతో నాలుగేళ్ళు కాపురం చేశాను కాబట్టి అనే హక్కు నాకుంది.

శాలిబండలో ఒక జిరాక్సు దుకాణం మీద, మొదటి అంతస్తులో మా ఆఫీసు ఉండేది. చిన్న కార్ఖానాల వాళ్ళకూ, ఇళ్ళల్లో చేతిపనులు చేసుకునేవాళ్ళకూ ఎగుమతి కాగితాలు తయారుచేసి పెట్టే ప్రైవేటు ఆఫీసు. అందులో మా సార్, నేను, ఒక కంప్యూటరు, కదిలిస్తే ఏడ్చే ఒక బీరువా. సార్ కోస్తా వైపునుంచి ఉద్యోగానికి వచ్చి, సైదాబాద్‌లో ఇల్లు కట్టుకుని, రిటైరయ్యాక ఈ ఆఫీసు తెరిచాడు. ఎదురుగా ఉన్నన్నాళ్ళూ ఆయన్ని మీరు అనే అన్నాను. రాసేటప్పుడు కూడా ఆ బరువు మోయాలని లేదు.

ఒక ఏడాది ఆయనకు ఒక శిక్షణ పథకం దొరికింది. చేతిపనులు చేసే ఆడవాళ్ళకు దేశాల మధ్య వ్యాపారం ఎలా నడుస్తుందో తెలుగులో చెప్పాలి. దానికోసం ఒక చిన్న పుస్తకం అచ్చువేయాలి. ఒప్పందాల్లో వాడే మాటలు ఒక పక్క, వాటి అర్థాలు ఇంకో పక్క. ఇంగ్లీషు ప్రతి ఎక్కడినుంచో వచ్చింది. తెలుగు చేసే పని నా నెత్తిన పడింది, ఆఫీసులో తెలుగు మీడియం చదివింది నేనొక్కదాన్నే కనుక.

ఆ ప్రతి చదివిన మొదటిరోజే నాకు ఈ రోత మొదలైంది. ప్రతి మాటా పైకి ఒకటి చెబుతుంది, లోపల ఇంకోటి పెట్టుకుంటుంది. ఏకాభిప్రాయం అనే మాట ఉంది. అందరూ ఔనన్నారని కాదు దాని అర్థం. గదిలో ఉన్నవాళ్ళెవరూ లేచి కాదనలేదని మాత్రమే. కాదనగలిగే స్తోమత లేక నోరు మూసుకున్నవాడూ, అసలు ఆ రోజు రాలేకపోయినవాడూ అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు నోరు మెదపకపోతే ఒప్పుకుంది అని బయట చెప్పుకుంటారు చూడండి, సరిగ్గా అదే పద్ధతి. దానికి పెద్దపెద్ద భవనాలు, జెండాలు, మంచినీళ్ళ సీసాలు.

ఇంకో మాట, ఒక దేశం తన గడప దాటి వచ్చే సరుకు మీద ఇంతకు మించి సుంకం వేయనని అందరి ముందూ మాటిచ్చే పైహద్దు. నిజంగా వేసే సుంకం దానికంటే తక్కువ ఉంటుంది. ఆ రెంటికీ మధ్య ఉన్న ఖాళీని ఆ లోకంలో నీళ్ళు అంటారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు, మాట తప్పకుండానే, పైహద్దు దాకా పెంచుకోవచ్చు. మా గల్లీ పాలవాడికి ఈ సంగతి తెలిస్తే రేపటినుంచి తన డబ్బాకు కూడా అంతర్జాతీయ హోదా ఉందని చెప్పుకుంటాడు.

ఈ మాటలకు తెలుగు ఎలా ఉండాలన్న దగ్గర సార్‌కూ నాకూ రోజూ లొల్లే. ఆయనకు మాట ఎంత బరువుంటే అంత ప్రేమ. అత్యంతానుకూల రాజ్య ప్రతిపత్తి అంటాడు. పరిమాణాత్మక ఆంక్షలు అంటాడు. చదివే ఆడవాళ్ళు భయపడతారు సార్ అంటే, భయపడితేనే గౌరవం ఉంటుంది అంటాడు. నేను రాసిన తేలిక మాటలన్నిటినీ ఎర్రసిరాతో కొట్టేసి, వాటి నెత్తిన సంస్కృతం ఎక్కించేవాడు.

నా మాటలు పనికొస్తాయో లేదో చూసుకోవడానికి నాకు ఒక మనిషి ఉండేది. మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు. ఆఫీసు వెనక రెండు గల్లీలు దాటితే ఆమె ఇల్లు. మా బాబాయి బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. చిన్నమ్మ నేను పుట్టకముందునుంచీ ముత్యాల దండలు గుచ్చుతోంది. మధ్యాహ్నం అన్నానికి అక్కడికే వెళ్ళేదాన్ని. ముందుగదిలో ఆమెతోపాటు గల్లీలోని ఇంకో ఏడుగురు ఆడవాళ్ళు చాప మీద కూర్చుని పని చేసేవాళ్ళు. నేను ఒక మూల అన్నం తింటూ ఒక్కో మాట విసిరేదాన్ని.

అత్యంత అభిమాన దేశం అంటే ఏమిటనుకుంటున్నారు అని అడిగాను ఒకరోజు. ఎక్కువ ప్రేమ ఉన్న దేశమని అందరూ చెప్పారు. కాదు, ఒకరికి తగ్గించిన సుంకం అందరికీ తగ్గించాలి, ఎవరికీ ప్రత్యేకంగా ఏమీ లేదని అర్థం అన్నాను. చిన్నమ్మ దారం మీదినుంచి తల ఎత్తలేదు.

"అందరికీ ఒక్కటే గంటెతోని పెడితే, అండ్ల అభిమానమేముంది బిడ్డా?"

సున్నితమైన వస్తువుల జాబితా అంటే వాళ్ళు పగిలిపోయే వస్తువులు అనుకున్నారు. గాజు సామాను, గుడ్లు, మా మోతీలు అని వరసపెట్టారు. నిజానికి అది ఒక దేశం తన వాళ్ళకు దెబ్బ తగులుతుందని సుంకం తగ్గించకుండా దాచుకునే వస్తువుల పట్టీ. డంపింగ్ అంటే గల్లీ మలుపులో చెత్త పోసే జాగా అనుకున్నారు. సొంత ఊళ్ళో అమ్మే ధరకంటే తక్కువకు తెచ్చి మన బజారులో కుమ్మరించడం అని చెబితే, అదీ చెత్తే గద అన్నారు. వాళ్ళు నవ్వుతుంటే నాకు హాయిగా ఉండేది. తిరిగి ఆఫీసు మెట్లెక్కుతుంటే మళ్ళీ ఒళ్ళు మండేది.

వాళ్ళు చేసే పని ఎలా ఉంటుందో చెప్పాలి. ముత్యాలు సంచుల్లో వస్తాయి. అవి చైనా నుంచి వస్తాయని గల్లీలో పిల్లలకు కూడా తెలుసు, ఎవరూ దాచింది లేదు. వాటిని ముందు చిల్లుల జల్లెళ్ళలో పోసి సైజుల వారీగా విడదీస్తారు. తరవాత పగటి వెలుతురులో తెల్లగుడ్డ మీద పరిచి ఆబ్ చూస్తారు. ఆబ్ అంటే ముత్యం లోపలినుంచి పైకి వచ్చే మెరుపు. నాకు అన్నీ ఒకే తెలుపులా కనిపించేవి. చిన్నమ్మకు ఒకటి పాల తెలుపు, ఒకటి గంజి తెలుపు, ఒకటి కడిగిన బియ్యం తెలుపు. మూడూ ఒక దండలో పడితే దండ చచ్చిపోతుందని అనేది. మబ్బు పట్టిన రోజు ఆ పని ముట్టుకునేది కాదు.

ఆ తరవాత పట్టుదారం కొసకు జిగురు రాసి ఎండబెడతారు. అది సూదిలా గట్టిపడుతుంది. ముత్యానికీ ముత్యానికీ మధ్య ఒక ముడి పడాలి. ముడి ముత్యాన్ని తాకాలి కానీ నొక్కకూడదు. ఎప్పుడైనా దారం తెగితే ఒక్క ముత్యమే రాలాలి, మిగతావి నిలవాలి. ఏళ్ళ తరబడి దారం లాగి లాగి చిన్నమ్మ చూపుడువేలి మీద ఒక గీత పడింది. అన్నం కలుపుతుంటే ఆ గీతలో పులుపు తగిలి చురుక్కుమంటుందని చెప్పేది.

ఇదంతా వాళ్ళు చార్మినార్ దగ్గర ఒక ముత్యాల దుకాణం సేటు కోసం చేసేవాళ్ళు. సంచి ఆయనది, దారం ఆయనది, మాట ఆయనది. రేపు రండి అంటే రేపు పోవాలి. ఆ సేటు దండను దీపం కింద తిప్పి, అస్లీ హైదరాబాదీ మోతీ అని అమ్మేవాడు. ఏ కొనేవాడూ ఈ మోతీ ఎక్కడ పుట్టిందని అడగలేదు. దుకాణంలో అది హైదరాబాదుదే. పెట్టెలో పెట్టి సరిహద్దు దాటించినప్పుడే దానికి పుట్టుక ఎక్కడిదన్న ప్రశ్న పుడుతుంది.

ఆ ప్రశ్న కూడా పుస్తకంలో ఉంది. రెండు దేశాలు ఒప్పందం చేసుకుని, నీ సరుకు మీద నేను సుంకం వేయను అని మాటిచ్చుకుంటాయి. అయితే ఆ సరుకు నిజంగా నీ దేశానిదే అని చూపించాలి. ఎక్కడో కొన్నదాన్ని నీదని చెప్పి పంపితే కుదరదు. బయటినుంచి తెచ్చిన పదార్థమైతే, దానిమీద నీ దేశంలో చాలినంత పని జరిగి ఉండాలి. దీన్ని సార్ గణనీయ ప్రక్రియాకరణ అని రాయమన్నాడు. నేను తగినంత పని అని రాశాను. ఆయన కొట్టేశాడు. నేను మళ్ళీ రాశాను. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం నేను వెనక్కి తగ్గలేదు. చిన్నమ్మ చదివితే అర్థం కావాలి సార్ అని రెండు రోజులు పోట్లాడాను. చివరికి విసుగొచ్చి, సరే నీ ఇష్టం అన్నాడు. ఆ పుస్తకం మొత్తంలో నేను గెలిచింది ఆ రెండు మాటలే. గెలిచానని ఆ రోజు మిఠాయి కూడా తిన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఎందుకంటే ఆ తరవాతి పేజీలో ఒక పట్టీ ఉంది. ఏ ఏ పనులు ఎంత చేసినా, ఎంత బాగా చేసినా, పనిగా లెక్కలోకి రావో చెప్పే పట్టీ. జల్లించడం. వేరు చేయడం. సైజులు విడదీయడం. జత కూర్చడం. కడగడం, తుడవడం, మెరుగు పెట్టడం. తేలికపాటి కూర్పు. డబ్బాలో సర్దడం. ఇవన్నీ కనీసపు పనులు, చాలని పనులు. వీటివల్ల సరుకు పుట్టుక మారదు. నేను ఆ పట్టీని తెలుగు చేస్తుంటే చిన్నమ్మ ఇంటి ముందుగది నా కళ్ళముందు ఒక్కో వరసగా నడిచింది. ఆ పట్టీ రాసినవాడెవడో ఆ చాప పక్కన కూర్చుని, వాళ్ళ చేతులు చూసుకుంటూ రాసినట్టుంది. చివర్లో ఇది పని కాదు అని కొట్టేశాడు. పెన్ను పక్కన పెట్టి బాత్రూముకు వెళ్ళి మొహం కడుక్కున్నాను.

సార్‌కు చూపించి, మనం శిక్షణ ఇచ్చేవాళ్ళలో సగంమంది పని ఈ పట్టీలోనే ఉంది కదా అన్నాను. ఆయన ఆలోచించి ఆ పేజీ తీసేశాడు. ఆడవాళ్ళకు అధైర్యం కలుగుతుంది, పైగా అచ్చుకు పేజీలు ఎక్కువయ్యాయి అన్నాడు. నేను కాదనలేదు. గదిలో ఎవరూ కాదనకపోతే దాన్ని ఏమంటారో అప్పటికే తెలుగు చేసి ఉన్నాను.

శిక్షణ రోజు ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. కిషన్‌బాగ్ నుంచి కూడా ఒక ఆటో నిండా ఆడవాళ్ళు వచ్చారు. ఒక పెద్దమనిషి గంటసేపు విలువల గొలుసు గురించి, అంటే సరుకు చేతులు మారేకొద్దీ దాని విలువ ఎలా పెరుగుతుందో మాట్లాడాడు. గొలుసు అన్నాడు కదా, దండల గురించేమో అనుకుని చిన్నమ్మ బృందం ముందుకు జరిగి కూర్చుంది. కాదని తెలిశాక సమోసాలు ఎప్పుడిస్తారా అని చూసింది. ఫోటో తీసేవాడు వాళ్ళ చేతుల్లోంచి దండలు తీయించి, పుస్తకాలు పట్టించాడు. గుచ్చే చేతులను పట్టుకుని చదివే చేతులుగా ఫోటో తీసుకోవడం ఎందుకో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఆ హాల్లోనే పక్కన ఒక బల్ల మీద దండలు పరిచి పెట్టారు. సార్‌కు తెలిసిన ఒకావిడ వాటిని చూసింది. సముద్రం అవతల ఒక దేశంలో నగల దుకాణం నడిపే మనిషి. ఒక దండను వేలికి చుట్టుకుని, ముళ్ళు లెక్కపెట్టి, ఇలాంటివి ఒక పెట్టె నిండా కావాలంది. నచ్చితే ప్రతి మూడు నెలలకూ ఒక పెట్టె. ఆ దేశంతో మనకు ఒప్పందం ఉంది, సుంకం ఉండదు, అందుకే ఆమెకు గిట్టుబాటు.

చిన్నమ్మ ఆ రాత్రంతా నిద్రపోలేదని బాబాయి చెప్పాడు. మర్నాడు ఎనిమిదిమందీ కలిసి ఒక పేరు పెట్టుకున్నారు. ఎగుమతి నంబరు తీసుకున్నారు. మొదటిసారి ముత్యాలు తామే కొని తెచ్చుకున్నారు. ఈ సంగతి సేటుకు తెలియనే తెలిసింది. పరాయివాళ్ళకు దండలు గుచ్చేవాళ్ళు ఇక నా మెట్లెక్కొద్దని కబురు పంపాడు. ఇన్నేళ్ళ పని ఒక్క కబురుతో పోయింది. చిన్నమ్మ ఆ కబురు విని, మంచిదే అయింది, తిరిగి పోవాలన్నా తొవ్వ లేదు అంది. ఇక ఆ ఎనిమిదిమందికీ ఉన్నది ఆ పెట్టె ఒక్కటే.

దండలు తయారయ్యాక, సరుకు మన దేశానిదే అని చూపే పుట్టుక పత్రం కోసం దరఖాస్తు నింపాలి. నేను చిన్నమ్మ ఇంట్లోనే ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. అంతకుముందే సార్‌ను అడిగాను, ఆ పట్టీ సంగతేమిటని. చిన్న పెట్టె, ఎవరు చూస్తారు అన్నాడు. శిక్షణ నివేదికలో చూపించడానికి ఒక్క విజయగాథ అయినా కావాలి అన్నాడు. అదీ అసలు సంగతి. వాళ్ళ పెట్టె మీద ఆయన నివేదిక కూర్చుని ఉంది.

దరఖాస్తులో ఒక ధ్రువీకరణ ఉంటుంది. ఈ సరుకు మీద మా దేశంలో తగినంత పని జరిగింది అని. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నా పుస్తకంలోని మాటలతోనే చిన్నమ్మకు చదివి వినిపించాను. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంది.

"తగినంత పని అంటే ఎంత బిడ్డా?"

"మీరు చేసేదే, చిన్నమ్మా," అన్నాను.

గణనీయ ప్రక్రియాకరణ అని చదివి ఉంటే ఆమె ఆగేది. అదేందో నాకెరుక లేదు, అడిగి చెప్పు అనేది. అర్థం కాని మాట ముందు మా వాళ్ళు జాగ్రత్తపడతారు. అర్థమైన మాట కాబట్టి ఆగలేదు. తగినంత అనే మాట ఆమెకు తెలుసు. ఉప్పు తగినంత వేయాలని తెలుసు. తన పని తగినంతకంటే ఎక్కువే అనీ తెలుసు. ఒప్పందాలు రాసేవాళ్ళ మాటలో ఆ తగినంత అంటే వేరే కొలత అని తెలిసినదాన్ని నేను ఒక్కదాన్నే, పక్కనే కూర్చుని ఉన్నాను. ఆమె సంతకం పెట్టింది. అబద్ధం చెప్పడానికి కాదు, నిజమే అనుకుని పెట్టింది.

పెట్టె వెళ్ళిపోయింది. గల్లీలో పేడాలు పంచారు. సార్ నివేదికలో చిన్నమ్మ ఫోటో పడింది.

కొన్ని వారాలకు అవతలి దేశం సుంకం ఆఫీసునుంచి ప్రశ్న వచ్చింది. ముత్యాలు ఎక్కడివి, వాటి మీద ఏ పనులు చేశారు, ఒక్కొక్కటీ రాయండి అని. పెట్టెను అక్కడే ఆపేశారు. మేము రాసి పంపాము. జల్లించాం, వేరు చేశాం, జత కూర్చాం, గుచ్చాం అని. ఇవి కనీసపు పనులు, చాలవు, మీ ధ్రువీకరణ తప్పు అని జవాబు వచ్చింది. తప్పు ఒప్పుకుని ధ్రువీకరణ వెనక్కి తీసుకుంటే పూర్తి సుంకం కట్టించుకుని పెట్టె వదులుతారు. లేకపోతే కావాలని చేసిన మోసం కింద రాసుకుంటారు, ఆ బృందం పేరు మీద ఇక ఏ పెట్టే పోదు. కొనే ఆవిడ ఈ ఒక్క పెట్టెకు సుంకం కట్టుకుంటానంది. ఇంకో పెట్టె అడుగుతుందో లేదో చెప్పలేదు.

సార్ తలుపు దగ్గరగా వేసి నన్ను కూర్చోబెట్టాడు. తప్పు ఒప్పుకునే ఉత్తరం వాళ్ళే రాయాలి, అదీ తెలుగులో రాయాలి, కింద ఇంగ్లీషు అనువాదం జతచేయాలి అన్నాడు. తెలుగులో ఉంటే వాళ్ళ అమాయకత్వం కనిపిస్తుందట.

"చూడమ్మా, మనం చెప్పబట్టి సంతకం పెట్టారని రాస్తే మన ఆఫీసు మీదికొస్తుంది. చదువురాక పొరబడ్డారని రాస్తే ఎవరికీ నష్టం లేదు."

ఎవరికీ అన్నాడు. ఆ మాట అంటూ టీలో బిస్కెట్ ముంచుకున్నాడు. ఆ మెత్తబడిన బిస్కెట్ ఆయన మీసానికి అంటుకుంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మేము ఆ పాపమంతా ఎనిమిదిమంది దోసిట్లో పోసి, మా చేతులు దులుపుకోబోతున్నాము. అంత రోత పుట్టినా, ఉత్తరం రాసింది నేనే. ఆ ఆఫీసులో తెలుగు బాగా రాసేది నేనే కదా.

మర్నాడు పొద్దున చిన్నమ్మ ఇంటికి తీసుకెళ్ళాను. ఎనిమిదిమందీ ఉన్నారు. చాప మీద పని లేదు, జల్లెళ్ళు గోడకు వేలాడుతున్నాయి. ఉత్తరం చదివాను. మేము చదువుకోని వాళ్ళము, నియమాలు తెలియక పొరబడ్డాము, ఈ దండల మీద మేము చేసిన పని చాలదు, కాబట్టి మా ధ్రువీకరణను వెనక్కి తీసుకుంటున్నాము. అంతే ఉంది. పదో తరగతి పాసైన చిన్నమ్మ, చదువుకోని వాళ్ళము అన్న దగ్గర ఏమీ అనలేదు. చాలదు అన్న దగ్గర ముఖం తిప్పుకుంది.

వాళ్ళలో అందరికంటే పెద్దావిడను గల్లీ అంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలుస్తారు. ఆమెకు తెలుగు సగమే అర్థమవుతుంది. పక్కనున్నామె ఉర్దూలో చెబితే విని, రెండు చేతులూ తిప్పి చూసుకుంది.

"హమారా కామ్ కమ్ పడ్ గయా క్యా?"

మన పని తక్కువైందా అని అడుగుతోంది. కొత్త ఆర్డరు రాకపోవచ్చు, ఇది కూడా పోతే కొన్న ముత్యాలూ పోతాయి, పేరూ పోతుంది అని నేను మెల్లగా గుర్తుచేశాను. గుర్తుచేయకపోయినా వాళ్ళకు తెలుసు. సంతకం మాత్రం చిన్నమ్మే పెట్టాలి, దరఖాస్తు ఆమె పేరునే ఉంది కనుక.

చిన్నమ్మ కాగితం తన చేతిలోకి తీసుకుని మళ్ళీ తనే చదువుకుంది. ఒక మాట దగ్గర వేలు పెట్టింది.

"చాలదు అని నేననను. చాలదట అని రాయి. ఎవడో అంటున్నడు గద, వాని మాట వాని మీదనే ఉండనీ."

తెలుగులో దానికి ఒక్క అక్షరం చాలు. వాన పడింది అంటే నేను చూశాను, తడిశాను. పడిందట అంటే ఎవరో చెప్పారు, నిజానిజాలు వాళ్ళకే ఎరుక. నేను చాలదు పక్కన ట చేర్చాను. మేము చేసిన పని చాలదట. చిన్నమ్మ ఆ అక్షరం సరిగ్గా పడిందో లేదో చూసి, దాని కింద సంతకం పెట్టింది. మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. తలవంచుకోకుండా తప్పు ఒప్పుకునే తోవ ఆమె వెతికి పెట్టింది.

ఆఫీసుకు వచ్చి ఇంగ్లీషు ప్రతి టైపు చేశాను. మాకు చెప్పిన ప్రకారం అని ముందు చేర్చి, మా పని చాలదు అని రాశాను. సార్ చదివి ఆ ముందరి మాటలు కొట్టేశాడు. అలా రాస్తే ఒప్పుకున్నట్టు కాదు, పెట్టె వదలరు, అక్కడివాళ్ళకు అవుననో కాదనో కావాలి అన్నాడు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు. నేను ఆ రోజు ఎర్రసిరాతో పోట్లాడలేదు. రెండు మాటల కోసం రెండు రోజులు పోట్లాడినదాన్ని, ఒక్క అక్షరం కోసం రెండు నిమిషాలు కూడా నిలబడలేదు. మళ్ళీ టైపు చేశాను. మేము చేసిన పని చాలదు.

ఇంగ్లీషు ప్రతి మీద కూడా ఆమె సంతకం కావాలి. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను. చిన్నమ్మ ఒక్కతే ఉంది. నాకు అన్నం పెట్టింది, తినకపోతే ఊరుకోలేదు. కంచం తీశాక చేతులు కడుక్కుని, కళ్ళద్దాలు పెట్టుకుని, కాగితాన్ని వెలుతురు వైపు తిప్పింది. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, మాటలు రావు. అయినా ఒక్కో వరస మీద కళ్ళు పెట్టి కిందిదాకా చూసింది.

"ఇంగ్లీషుల గూడ గా ట పెట్టినవా బిడ్డా?"

"పెట్టిన," అన్నాను.

ఆమె తలూపి, తెలుగులో, గుండ్రంగా, తొందరపడకుండా సంతకం చేసింది. పెన్ను నా చేతికిచ్చింది. దాని కింద, ఇది సరైన అనువాదమని ఉన్న చోట, ఆమె చూస్తుండగానే నేనూ సంతకం పెట్టాను.